మా మనుమరాలి దీపాల సదువు

మా బిడ్డ బిడ్డ నాగపూర్‌ల ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నది. అది అయినంక పీహెచ్‌డీకి పోత అంటున్నది. ఏం మీద చేస్తవు అవ్వా అంటే "సెమీకండక్టర్ నానోపదార్థాలు, అవి ఇచ్చే వెలుగు" అన్నది. బల్లార్షాల ఉండే మా అల్లుడు ఆ మాట విని నాకు ఫోన్ చేసిండు. "మామా, ఈ దీపాల సదువు ఎన్నేండ్లు? అండ్ల నౌకరీ ఉన్నదా? పిల్లకు ఇరవై మూడు నిండినయి. మీరే ఒక మాట చెప్పాలె" అన్నడు. మా బస్తీల గూడ ఇదే ముచ్చట. బుగ్గ కాలిపోతే దుకాణంల కొత్తది దొరుకుతది, దానికి ఐదేండ్ల సదువు ఎందుకని పక్కింటి వదిన నవ్వుతది.

నేను నాలుగో తరగతి దాక చదివినోణ్ని. కానీ విదర్భలోనే ఒక బట్టల మిల్లుల, రంగు ఖాతాల, ముప్పై రెండేండ్లు పని చేసిన. మిల్లు మూతపడ్డంక చాందాకు వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న. ఏండ్లకేండ్లు రంగునూ వెలుతురునూ చూసుడే నా పని. అందుకని అసలు సంగతి తెలుసుకోకుండ మాట చెప్పొద్దనుకున్న. దీపావళి సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్లను నాలుగు రాత్రులు కూసోబెట్టుకొని అడిగిన. నాకు సమజైనంత ఇక్కడ రాస్తున్న. మన ఇండ్లల్ల ఇంకో పిల్ల ఇసొంటి సదువు పట్టుకుంటే ఏం అడగాలెనో తల్లిదండ్రులకు తెలుస్తది.

ముందు మా ఖాతా సంగతి చెప్పాలె. మాకు రంగు అంటే మందు. ఎరుపు కావాలంటే ఎరుపు డబ్బా, నీలం కావాలంటే నీలం డబ్బా. నూరు కిలోల బట్టకు రెండు కిలోల రంగు వేస్తే రెండు పర్సెంటు షేడు. ముదురు కావాలంటే ఎక్కువ వెయ్యాలె, లేత కావాలంటే తక్కువ. నీలిమందు తొట్టిల నుంచి తీసిన బట్ట మొదట పసుపు పచ్చగ ఉంటది, గాలి తగిలినంక కండ్ల ముందటనే నీలంగ మారుతది. కొత్తగ వచ్చిన పిలగాండ్లు అది చూసి నోరు తెరిచేటోళ్లు. అక్కడ గూడ మారేది మందే, గాలి తగిలి మందు గుణం మారుతది. ఒకే మందు, గుణం అదే, దాని నలుసు చిన్నదైతే ఒక రంగు, పెద్దదైతే ఇంకో రంగు అనే ముచ్చట మాకు ఎన్నడూ లేదు. మా మనుమరాలి సదువంత ఆ ముచ్చట మీదనే ఉన్నది.

షేడు చూసుడు గురించి గూడ ఒక మాట. ట్యూబులైటు కింద రెండు ముక్కలు ఒక్క తీరుగ కనిపిస్తయి, బయటికి తెచ్చి ఎండకు పెడితే అన్నదమ్ములు కాదు, పాలోళ్లు గూడ కాదు. అందుకే మా మాస్టరు ఉత్తరం దిక్కు కిటికీ దగ్గర తప్ప షేడు పాస్ చేసేటోడు కాదు. రాత్రి షిఫ్టుల రంగు సరిపోయిందని చెప్పుటానికి మేము భయపడేది. బట్ట రంగు బట్టలనే ఉండదు, పడే వెలుతురుల గూడ ఉంటది. ఇది నాకు బడి చెప్పలేదు, కిటికీ చెప్పింది.

ఇగ రానిపాల్ ముచ్చట. మన ఆడోళ్లకు అందరికి తెలిసిందే, తెల్లబట్టలకు ఆఖరు నీళ్లల్ల వేస్తరు. మిల్లుల తెల్ల తాన్లకు గూడ అసొంటి మందే వేస్తుంటిమి. ఆ పిల్ల ఒక చిన్న టార్చి తెచ్చింది, అతినీల కిరణాల టార్చట. ఆ కిరణాలు మన కంటికి కనిపించయి. దీపాలు ఆర్పి నా తెల్ల అంగీ మీద కొట్టింది. అంగీ నీలంగ మెరిసింది, పక్కనున్న పాత ధోవతి చీకట్లనే ఉండిపోయింది. "తాతా, నువ్వు ఇన్నేండ్లు చేసింది ఇదే కద. కనిపించని వెలుగును తీసుకొని కనిపించే వెలుగు ఇచ్చే మందు" అన్నది. రూపాయి తీసుకొని బారాణా తిరిగి ఇచ్చినట్టు అన్నమాట. మిగిలిన చారాణా వేడిగ పోతది. ఎండల బట్ట తెల్లగ మెరుస్తదంటే కారణం అది. బట్టల మిగిలిన పసుపు జాడను ఆ నీలం వెలుగు కప్పుతది.

ఇప్పుడు నానో అంటే ఎంత? లెక్క నాకు పత్తితోనే సమజైంది. పత్తి పోగు, అంటే దారం కాదు, దూదిల ఉండే ఒక్క వెంట్రుక, దాని మందం సుమారు 15 మైక్రాన్లు. అంటే 15,000 నానోమీటర్లు. వీళ్లు చేసే నలుసు 3 నానోమీటర్లు ఉంటది. ఒక్క పత్తి వెంట్రుక అడ్డం మీద అసొంటివి 5,000 వరుసగ పేర్చొచ్చు. వాటిని క్వాంటం డాట్లు అంటరు, చుక్కలు అనుకుందాం.

సెమీకండక్టర్ అంటే రాగితీగ లెక్క కరెంటును పూర్తిగ పోనియ్యదు, పింగాణి కప్పు లెక్క పూర్తిగ ఆపదు. రెండింటి నడుమ ఉంటది. దాంట్ల ఎలక్ట్రాన్లు కింద అరల ఉంటయి. బయటి నుంచి వెలుగో, కరెంటో తగిలితే మీది అటకకు ఎక్కుతయి. మళ్ల కిందికి దిగొచ్చేటప్పుడు వెలుగు విడుస్తయి. అటక ఎంత ఎత్తు ఉంటే వెలుగు అంత బలం. అన్నిట్ల తక్కువ బలం ఎరుపుది. పచ్చది దానికంటె ఎక్కువ, నీలం ఇంకా ఎక్కువ. మామూలు గడ్డల ఆ అటక ఎత్తు మారదు, ఏ పదార్థానిది దానికే. కానీ ముక్కను నానోమీటర్ల దాక చిన్నగ చేస్తే ఎలక్ట్రానుకు ఇరుకైతది. ఇరుకైన కొద్ది అటక మీదికి లేస్తది. "ఎందుకు లేస్తదవ్వా?" అంటే మన భజన తంబూర చూపించింది. తీగను నడుమ వేలితోని నొక్కి పొట్టిగ చేస్తే స్వరం పైకి పోతది కద, అట్లనే అన్నది. క్యాడ్మియం సెలినైడ్ అనే ఒకే మందు 2 నానోమీటర్ల దగ్గర నీలంగ వెలుగుతది, 3 దగ్గర పచ్చగ, 6 దగ్గర ఎర్రగ. ఫోన్ల బొమ్మ చూపించింది. వరుసగ సీసాలు, రంగుల డబ్బాలు తెరిచినట్టే ఉన్నది, కానీ అన్నిట్ల ఉన్నది ఒకే సరుకు. నేను ఆ బొమ్మను చాలసేపు చూసిన.

దీన్ని కనిపెట్టినోళ్ల కథల మన పనోళ్లకు పనికొచ్చే సంగతులు ఉన్నయి. 2023ల రసాయన శాస్త్రం నోబెల్ ముగ్గురికి ఇచ్చిన్రు. అలెక్సీ ఎకిమోవ్ సోవియట్ దేశంల రంగు గాజు మీద పని చేసేటోడు. గాజుల రాగి క్లోరైడ్ కలిపి, 500 నుంచి 700 డిగ్రీల వేడిల, ఒక గంట మొదలు 96 గంటల దాక ఉంచి చూసిండు. కలిపింది ఒకటే, కాల్చిన తీరును బట్టి లోపల నలుసుల సైజు మారింది, సైజును బట్టి గాజు పీల్చే వెలుతురు మారింది. 1981ల ఆ సంగతి అచ్చు వేసిండు. గాజు బట్టీ పనోళ్లు వేడితోని, గంటలతోని రంగు మార్చుడు ఎన్నడో తెలిసినోళ్లే. ఎందుకు మారుతదో ఈయన పట్టుకున్నడు.

రెండో ఆయన లూయిస్ బ్రూస్, అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల పని చేసేటోడు. ద్రవంల క్యాడ్మియం సల్ఫైడ్ నలుసులు చేసి బల్ల మీద వదిలి పోయిండు. తర్వాత చూస్తే వాటి తీరు మారింది. వదిలి పోయినప్పుడు సుమారు 4.5 నానోమీటర్లు ఉన్న నలుసులు 12.5 దాక పెరిగినయి. రాత్రి షిఫ్టోడు తొట్టి వదిలిపెట్టి పోతే పొద్దున షేడు మారినట్టు! మా దగ్గర అయితే అందరం కలిసి తిట్టుకొని తొట్టి కడిగేస్తుంటిమి. ఆయన మాత్రం ఎందుకు మారిందని వెంటపడ్డడు. 1983ల అచ్చు వేసిండు.

మూడో ఆయన మౌంగి బావెండి, బ్రూస్ దగ్గరనే పని నేర్చినోడు. కాలేజీల మొదటి కెమిస్ట్రీ పరీక్షల ఈయనకు నూటికి 20 మార్కులు వచ్చినయట, క్లాసు మొత్తంల తక్కువ. నోబెల్ వచ్చినంక తనే చెప్పుకున్నడు. మన పిల్లలకు ఈ ముచ్చట తప్పక చెప్పండి. 1993ల తన శిష్యులతోని కలిసి నలుసులన్ని ఒకే సైజుల వచ్చే పద్ధతి కనిపెట్టిండు. బాగ కాగిన ద్రావకంల మందును ఒక్కసారిగ సిరంజితోని దింపుతరు. విత్తనాలన్ని ఒకే గడియల మొలుస్తయి. చల్లమందు పడ్డందుకు వేడి తగ్గుతది, కొత్త విత్తనం పుట్టుడు ఆగుతది. మళ్ల నెమ్మదిగ వేడి పెంచుకుంట ఎంత సైజు కావాల్నో అంత దాక పెంచుతరు. రంగు తొట్టి ముందట నిలబడ్డ ఎవరికైన ఇది తెలిసిన పనే. ఉప్పు ఒక్కసారి గుమ్మరిస్తే బట్ట మీద మచ్చలు పడ్తయి, విడతలు విడతలుగ వెయ్యాలె. వేడి, టైము, కలుపుడు, ఈ మూడు తప్పితే తాను పాడైతది. మనుమరాలు చెప్తుంటే వీళ్లు కోట్ల రూపాయల గదుల చేసేది గూడ ఆ మూడిట్ల కాపలే కద అనిపించింది.

ఇవన్ని దూరపు ముచ్చట్లు అనుకోకండి. మన ఇంట్ల ఎల్ఈడీ బుగ్గల గూడ నానో పని ఉన్నది. దాని లోపల చిన్న చిప్పు నీలం వెలుగు ఇస్తది. ఆ చిప్పుల వెలుగు పుట్టే పొర మందం కొన్ని నానోమీటర్లే. మీద పసుపు పొడి పూస్తరు. నీలంల కొంత ఆ పొడి పీల్చి పసుపు వెలుగుగ ఇస్తది, రెండు కలిసి మన కంటికి తెల్లగ కనిపిస్తయి. నమ్మకం లేకుంటే మీ ఫోన్ టార్చి ఆర్పి దాని బొట్టును దగ్గరగ చూడండి, పసుపు పచ్చగ కనిపిస్తది. రంగు పొడులు కలిపి తెలుపు చేసుడు మా ఖాతాల ఎవ్వరి తరం గాలేదు, పొడులు కలిపితే మురికి రంగే వస్తది. వెలుగులు కలిపితే తెలుపు వస్తది.

ఆ నీలం ఎల్ఈడీ బాగ వెలిగేటట్టు చేసినోళ్లు జపానోళ్లు ముగ్గురు. వాళ్లకు 2014ల నోబెల్ వచ్చింది. వాళ్లల్ల షూజీ నకమురా నిచియా అనే కంపెనీల నౌకరు. 1993ల ఆయన చేసిన బుగ్గతోని కంపెనీ మస్తు సంపాదించింది. ఆయనకు ఇచ్చిన ఇనాము 20,000 యెన్లు. కోర్టుకు పోయిండు. 2004ల టోక్యో కోర్టు 2,000 కోట్ల యెన్లు ఇమ్మన్నది, పైకోర్టుల 2005ల రాజీ అయి సుమారు 84 కోట్ల యెన్లు వచ్చినయి. మా యూనియన్ పాతకాపులకు చెప్తే ఒక పూట నవ్వుకున్నరు.

చాందా మనిషికి ఈ బుగ్గ విలువ వేరే చెప్పక్కర లేదు. మన పక్కన్నే 2,920 మెగావాట్ల థర్మల్ స్టేషన్ ఉన్నది. దేశంల ఎక్కడ బుగ్గ వెలిగినా మన గాలిల బొగ్గు నుసి ఎంత పడ్తదో దండెం మీద ఆరేసిన బట్టలు చెప్తయి. 60 వాట్ల పాత బుగ్గ చేసే పని 9 వాట్ల ఎల్ఈడీ చేస్తది. రోజు ఆరు గంటలు వేస్తే ఒక్క బుగ్గ మీద నెలకు తొమ్మిది యూనిట్లు మిగులుతయి. 2014ల హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం చీకటైనప్పుడు, దాదాపు 90 వేల వీధి దీపాలు ఎల్ఈడీలు చేసిన్రు. 2015ల ఉజాలా పథకం వచ్చింది, మన బస్తీలకు గూడ బుగ్గలు వచ్చినయి. ఇన్ని ఇండ్లల్ల తగ్గిన కరెంటు బిల్లు వెనుక ఎవరో ఏండ్లకేండ్లు పొడి నూరుకుంట కూసున్నరు. పక్కింటి వదినకు నేను చెప్పిన జవాబు ఇది. ఆమె బిల్లు తీసి చూసుకున్నది.

అసలు నేను భయపడ్డ సంగతి వేరే ఉన్నది. క్యాడ్మియం విషం. కిడ్నీలను, ఎముకలను తింటది. నేను రంగు ఖాతా మనిషిని, మందు వాసన అంటే ఏందో నాకు తెలుసు. చేతుల తొడుగులు ఇయ్యమని అడిగితే పనిచేసేటోడికి అడ్డం వస్తయని చెప్పిన రోజులు చూసిన. నాతోటి పని చేసినోళ్లల్ల కొందరి చేతుల తోలు ఇప్పటికి బాగుపడలేదు. అందుకని మొదటి రాత్రే అడిగిన, నౌకరీ సంగతి తర్వాత, ఆ మందును చేతితోని ముడుతవా అని.

ఆ పిల్ల నాకు అమెరికా ఆడపిల్లల కథ చెప్పింది. నూరేండ్ల కింద న్యూజెర్సీల గడియారం అంకెలు రాత్రి మెరిసేటట్టు రంగు పూసే ఫ్యాక్టరీ ఉండె. రంగుల జింక్ సల్ఫైడ్ పొడి, రేడియం. మెరిసేది జింక్ సల్ఫైడ్, దాన్ని మెరిపించేది రేడియం. కుంచె మొన సన్నగ రావాలని పెదవులతోని చప్పరించుమని నేర్పిన్రు. పాపం, పిల్లలకు దవడ ఎముకలు పుచ్చిపోయినయి, చానా మంది చచ్చిపోయిన్రు. ఐదుగురు కోర్టుకు పోతే 1928ల రాజీ అయింది, ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల పింఛను. "తాతా, వెలుగు సదివేటోళ్లకు ఈ కథ తెల్వాలె, నాకు తెలుసు" అన్నది. గాలిని లోపలికి గుంజి బయటికి తోసే అద్దం డబ్బాల చేతులు పెట్టి పని చేస్తరట, తొడుగులు వేసుకొని, కళ్లద్దాలు పెట్టుకొని. మిగిలిన మందును మోరిల పోసుడు ఉండదట. నా మనసు సగం కుదుటపడ్డది. మిగిలిన సగం, ఆ గది నేను కండ్లార చూసినంక.

ఇప్పుడు చానా మంది క్యాడ్మియం లేకుండ చేసే దారిల పడ్డరు. యూరప్‌ల కరెంటు సామాన్ల నియమం ఉన్నది, వెయ్యి కిలోల సరుకుల 100 గ్రాముల కంటే ఎక్కువ క్యాడ్మియం ఉండొద్దని. టీవీ తెరల చానా కంపెనీలు ఇండియం ఫాస్ఫైడ్ చుక్కలు వాడుతున్నయి. మన మహారాష్ట్రలనే పూణె విశ్వవిద్యాలయంల సులభా కులకర్ణి మేడం జింక్ సల్ఫైడ్ నానో నలుసుల మీద ఏండ్లకొద్ది పని చేసిన్రు. నాగపూర్ విశ్వవిద్యాలయంల ఎల్ఈడీలల్ల వాడే మెరుపు పొడుల మీద పని ఎప్పటినుంచో నడుస్తున్నది, సంజయ్ ధోబ్లే సారు పేరు మా మనుమరాలు నోట దినాం వినిపిస్తది. నాకు మాత్రం ఇంకొకటి బాగ నచ్చింది. కార్బన్ చుక్కలు. ఇవి పూర్తిగ అదే కులం కాదు గని దగ్గరి చుట్టం. 2012ల ఒడిశా పరిశోధకులు నారింజ రసం కాగబెట్టి వెలిగే చుక్కలు చేసిన్రు. 2013ల అమెరికాల రైస్ యూనివర్సిటీవాళ్లు బొగ్గు నుంచే చేసిన్రు. బొగ్గు! కాల్చకుండ, ఆమ్లంల నానబెట్టి కాగబెట్టి, వెలిగే నలుసులు తీసిన్రు. నాగపూర్ నారింజలు, చాందా బొగ్గు, రెండూ మన గడప ముందటనే ఉన్నయి. ఆ పిల్లకు ఇదే పని మీద మనసున్నది.

ఇగ అల్లుని సవాలు. ఎన్నేండ్లు అంటే ఐదేండ్లు పట్టొచ్చు. పైసలు మనం పెట్టేది లేదు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే పరీక్షల జేఆర్ఎఫ్ వస్తే సర్కారే నెలకు 37,000 రూపాయలు ఇస్తది, 2023 జనవరి నుంచి ఇదీ లెక్క. రెండేండ్లు అయినంక 42,000. అద్దె భత్యం వేరే. నేను రిటైరయ్యే నాటికి తీసుకున్న పగారు చెప్తే మీరు నవ్వుతరు, చెప్పను. పరీక్ష మాత్రం కష్టం, దేశమంత రాస్తరు. పీహెచ్‌డీ అయినంక నౌకరీ చేతిల పెడ్తరా అంటే పెట్టరు. కాలేజీ పోస్టులు తక్కువ, కాంట్రాక్టు మీద బతికేటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఈ మాట ఆ పిల్లే దాచకుండ చెప్పింది, అల్లునికి నేనూ దాచలేదు. లగ్గం సంగతికి వస్తే, ఐదేండ్లు ఆగే సంబంధం దొరకదని మా బిడ్డ దిగులు. ఆ దిగులు ఉట్టిది కాదు. కానీ చిన్నప్పుడే పిల్లలను కండెలు చుట్టుటానికి పంపిన ఇల్లు మాది. ఒక్క పిల్ల సొంతంగ పట్టుకున్న పనిని మనమే గుంజుకుంటే బాగుండదని అల్లునితోని అన్న. డిసెంబరు పరీక్ష అయ్యేదాక సంబంధాల ముచ్చట తీయనన్నడు. అంతకంటె ఎక్కువ మాట నేను అడగలేదు.

సంక్రాంతికి ఆ పిల్ల చాందాకు వస్తది. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు ఉంటే పండుగ మరునాడు పొద్దుమూకినంక మా ఇంటికి పంపండి. టార్చి తెస్తనన్నది. రానిపాల్ పెట్టిన తెల్ల అంగీ ఒకటి, పెట్టనిది ఒకటి తెచ్చుకొమ్మనండి. యాభైదో, నూరుదో ఒక నోటు గూడ తేవాలె. నోటు మీది నంబరు ఆ టార్చి కింద మెరుస్తది. నోటు ఎవరిది వాళ్లే మళ్ల పట్టుకపోవచ్చు.